స్టీరింగు కింది తీగ

“మీ నాన్న పెట్టిన లైటు నిన్న మలుపులో ఆరిపోయింది. అందుకే పనిలోంచి గెంటేశాను. ఈ పాత కారు సంగతి తెలిసినవాళ్లు దొరక్క నిన్ను పిలిచానంతే!” అన్నాడు యజమాని.

మెకానిక్ కూతురు స్టీరింగు కింద కొత్త స్విచ్చు బిగించింది.

“ఈ తీగను ఇలా బిగదీసి కట్టిందెవరండీ?”

“నేనే. మీ నాన్న వేలాడదీసిన తీగ అసహ్యంగా ఉంటే, మొన్న నేనే సర్దాను,” అన్నాడు యజమాని అల్లుడు, గొప్పగా.

“లైటు వేసి, స్టీరింగు పూర్తిగా తిప్పండి అల్లుడుగారూ.”

అతడు తిప్పాడు. తీగ బిగుసుకుపోయి, లైటు ఆరిపోయింది.

“తిప్పినప్పుడు తెగకూడదనే మా నాన్న దాన్ని వదులుగా ఉంచారు.”

యజమాని గొంతు సవరించుకున్నాడు. “సర్లే, రేపట్నుంచి పనిలోకి రమ్మని చెప్పు.”

“నడివీధిలో తిట్టి పంపారు కదండీ! అక్కడికే వచ్చి మీరే చెప్పండి. అల్లుడుగారిని కూడా తీసుకురండి.”