జారిన కత్తెర

కత్తెర ఠంగుమని నేల మీద పడింది.

కుట్టుమిషను మీద తమ్ముడి కాళ్లు ఆగిపోయాయి. బల్ల దగ్గర అక్క కుడిచేతిని కొంగులో దాచుకుని, ఏమీ జరగనట్టు గుడ్డ మీద సుద్దగీత చూసుకుంటోంది.

"మళ్లీ పడేశావు," అన్నాడు తమ్ముడు.

"చేతికి చెమట పట్టిందిరా."

"నిన్న కూడా చెమటేనా?"

"నిన్న నూనె."

"మరి మొన్న?"

"మొన్నటి సంగతి ఎవడికి గుర్తు?"

ఆ దర్జీ దుకాణంలో కత్తిరింపు అక్కది. మిషను పనీ, చేతిపనీ తమ్ముడివి. ఆమె సూది ముట్టదు, అతను కత్తెర ముట్టడు. ఒకరి చేతులు పడిపోతే దుకాణం మూతపడ్డట్టే. కీళ్లవాతం అక్కను ఒకసారి మంచాన వేసింది. దువ్వెన పట్టలేకపోతే తమ్ముడే ఆమెకు జడ వేశాడు. మందులకు అది అణిగింది గానీ పోలేదు. అలాంటివి పోవు. పక్కింట్లో కాపురం పెట్టి మన తలుపు వైపే చూస్తుంటాయి.

తమ్ముడు వంగి, కత్తెరను రెండు అరచేతుల మధ్య ఇరికించి ఎత్తి బల్ల మీద పెట్టాడు.

"తిరగబెట్టింది. ఒప్పుకో."

"నోట్లోంచి ఒక్క మంచి మాట రాదేరా చిన్నోడా నీకు?"

"మంచి మాటకు వాపు తగ్గుతుందా? పద, డాక్టరమ్మ దగ్గరికి."

"ముందు దీని మూత తియ్యి," అంటూ ఆమె గుండీల సీసా అతని ముందుకు తోసింది.

అతను సీసాను చంకలో ఇరికించుకున్నాడు. మూత మీద గుడ్డపేలిక వేసి అరచేత్తో తిప్పాడు. రాలేదు. పళ్లు బిగించి మళ్లీ తిప్పాడు. అప్పుడూ రాలేదు.

"పాడు మూత! రాక్షసులు బిగించారు కాబోలు." సీసా పక్కన పెట్టేశాడు. "అయినా ఇప్పుడు గుండీలెందుకు? మాట మార్చకు."

అక్క సీసా వైపు చూసింది. అతని వైపు చూసింది.

"నిన్నే! చెవుల్లో సీసం పోసుకున్నావా? రేపు రెండు చేతులూ కొయ్యబారిపోతే ఎవరు చేస్తారు నీకు?"

భయపడ్డ మగవాడికి అరవడం తప్ప మరో విద్య రాదు.

"సరే, వస్తాను," అంది అక్క. "కానీ నువ్వు లోపలిదాకా రావాలి. బయట బెంచీ మీద కునుకు తీస్తానంటే కుదరదు. డాక్టరమ్మకు నువ్వే అంతా చెప్పాలి. ఆవిడ ముందు నాకు నోరు పెగలదు."

"నీకు నోరు పెగలదా? ఈ గోడలు వింటే నవ్విపోతాయి."

"అయితే నేను రాను."

"వస్తాలే మహాతల్లీ!"

అది అతనికి చిన్న సంగతి కాదు. జ్వరమొస్తే దుప్పటి ముసుగేసి పడుకుంటాడే గానీ ఆసుపత్రి గడప తొక్కడు. మందులు మింగేవాళ్లకే రోగాలొస్తాయని అతని సిద్ధాంతం. మూర్ఖత్వానికి మగవాళ్లు పెట్టుకునే ముద్దుపేరు సిద్ధాంతం.

బయలుదేరబోతుంటే అక్క అతన్ని ఎగాదిగా చూసింది. "మంచి చొక్కా తొడుక్కోరా. ఈమధ్య ఎప్పుడు చూసినా తలమీంచి దూర్చుకునే ఈ బనీనే. దర్జీవి, జనం నవ్వుతారు."

"ఉక్కగా ఉంది," అన్నాడు.

ఆసుపత్రి మెట్లు నిటారుగా ఉన్నాయి. అక్క కమ్మీ పట్టుకుని ఎక్కింది. తమ్ముడు చేతులు జేబుల్లో పెట్టుకుని వెనకాల నడిచాడు.

"భయంగా ఉందా?" అడిగింది అక్క.

"నాకెందుకు భయం? చేతులు నీవి."

డాక్టరమ్మ గదిలో అక్క వెళ్లి గోడ పక్కన ఉన్న కుర్చీలో కూర్చుంది. తమ్ముడికి డాక్టరమ్మ బల్ల ముందున్న స్టూలే మిగిలింది.

"చెప్పండి, ఏమిటి ఇబ్బంది?"

అక్క నేలచూపులు చూసింది. తమ్ముడు అందుకున్నాడు.

"తిరగబెట్టిందండీ. పొద్దున లేస్తే వేళ్లు కావు, కొయ్యముక్కలు. పిడికిలి మూసుకోదు. వేడినీళ్లలో ముంచితే కాస్త సడలుతాయి, అదీ ఎండెక్కాకే. గుండీ పెట్టుకోవాలంటే నరకం. సూది పట్టుకుంటే బొటనవేలి మొదట్లో నిప్పురవ్వ పడ్డట్టు ఉంటుంది. పడుకుంటే దుప్పటి బరువు కూడా ఆ మణికట్లు ఓర్చుకోలేవు." స్టూలు ముందుకు జరుపుకున్నాడు. "ఏదో ఒకటి చెయ్యండి. చేతులు పోయాక దర్జీ బతుక్కి ఇంకేం మిగులుతుంది?"

డాక్టరమ్మ రాయడం ఆపింది. "ఇవన్నీ మీ అక్కగారు చెప్పారా?"

"అక్క చెప్పడమా! అడిగితే చెమటంటుంది, నూనె అంటుంది."

"మరి సూది పట్టుకుంటే ఎలా ఉంటుందో మీకెలా తెలిసింది? ఆవిడ సూది ముట్టరు కదా?"

బల్ల అంచున ఉన్న తమ్ముడి చేతులు మెల్లగా ఒళ్లోకి జారుకున్నాయి.

అక్క లేచి వచ్చింది. ఒళ్లో దాక్కున్న ఆ చేతుల్ని తీసి, డాక్టరమ్మ ముందు దీపం వెలుగులో పరిచింది. ఆమె వేళ్లు సన్నగా, తిన్నగా ఉన్నాయి. అతని కణుపులు ఉబ్బి, ఎర్రబడి ఉన్నాయి.

"నేను ఫోన్లో చెప్పింది వీడి గురించేనమ్మా," అంది. "మూడు రోజులు వరసగా కత్తెర పడేస్తే గానీ గడప దాటలేదు."