రంగు పూయని బుగ్గలు

నాటకం మూడో రంగంలో నాయిక సిగ్గుపడగానే హాలంతా ఊపిరి బిగబట్టేది.

బుగ్గల నుంచి మెడ దాకా, చెవితమ్మెల దాకా గులాబీ రంగు మెల్లగా పాకేది. ఆ మసక దీపాల్లో ఆమె మనిషిలా కాక ఎవరికో వచ్చిన కలలా కనబడేది.

"నీకు నా రంగులెందుకే, దేవుడే పూసి పంపాడు" అని మేకప్ అక్క మురిసిపోయేది.

పాతికేళ్లు నిండని పిల్ల, పొంగిపోకుండా ఎలా ఉంటుంది? కాస్త ఆయాసం మాత్రం ఉండేది. ఉబ్బసమేలే అని మందు పీల్చి వేదిక ఎక్కేసేది.

ముందు వరసలో ఒక ముసలాయన రోజూ వచ్చి కూర్చునేవాడు. నవ్వడు, చప్పట్లు కొట్టడు. కళ్లప్పగించి ఆమె బుగ్గలే చూస్తాడు.

ఈ వయసులో ఇదేం బుద్ధి అని నాయికకు ఒళ్లు మండేది.

ఒకరోజు ఆట కాగానే తెర వెనక్కే వచ్చేశాడు.

"అమ్మా, ఏడ్చే రంగంలోనూ ఎర్రబడ్డావు. అది సిగ్గు కాదు. నది ఒడ్డు ఆసుపత్రిలో సర్జన్ దగ్గరికి వెళ్లి ఛాతీ చూపించుకో. ముందు వరస ముసలాయన పంపాడని చెప్పు."

"నా బుగ్గలతో మీకేం పని తాతగారూ?"

"బుగ్గలతో కాదు తల్లీ, నీ ఊపిరితో."

నాయిక మేనేజర్ని కేకేసింది. అతను ముసలాయన్ని రెక్క పట్టుకుని బయటికి నెట్టాడు. ఆయన మళ్లీ రాలేదు. పీడ విరగడైందనుకున్నారు అందరూ.

ఒక వాన మధ్యాహ్నం నాయిక ఒంటరిగా తల దువ్వుకుంటోంది. ఎదురుగా నాయకుడు లేడు, మనసులోనూ ఎవరూ లేరు. అయినా అద్దంలో ముఖం మెల్లమెల్లగా ఎర్రబడింది. దగ్గొచ్చింది. రుమాలు మీద నెత్తుటి చుక్క.

ముసలాయన మాట గుర్తొచ్చింది. నది ఒడ్డు ఆసుపత్రికి పరిగెత్తింది.

"ఊపిరిగొట్టంలో చిన్న గడ్డ ఉందమ్మా" అన్నాడు సర్జన్. "అరుదైన రకం క్యాన్సర్. అది వదిలే రసాయనాలకే నీ ముఖం ఎర్రబడుతోంది. ఇప్పుడు తీసేస్తే బతుకుతావు. ఇంకా ఆలస్యమైతే నేనేమీ చెప్పలేను."

ఆపరేషన్ రోజు మత్తుమందు మబ్బుల్లో ఎక్కడెక్కడో తేలి, చివరికి ఒడ్డున పడింది.

కళ్లు తెరిచాక మొదట అడిగింది ఆయన గురించే. "నన్ను మీ దగ్గరికి పంపిన ఆ ముందు వరస తాతగారిని క్షమించమని అడగాలి. ఎక్కడుంటారు?"

"పోయిన నెల కాలం చేశారమ్మా" అన్నాడు సర్జన్. " మా గురువుగారు, ఊపిరితిత్తుల డాక్టరు."

ఆమెకు దుఃఖం ఆగలేదు. "అంత పెద్ద డాక్టరుకి ఒక్కసారి చూస్తే తెలిసిపోదా? రోజూ ఎందుకొచ్చేవారు?"

"మళ్లీ పొరబడతానేమోనని భయం" అన్నాడు సర్జన్. "బుగ్గలెర్రబడితే సిగ్గనుకుని ఆటపట్టిస్తూ, కన్నకూతురికి చివరిదాకా ఉబ్బసం మందే ఇచ్చిన తండ్రి ఆయన."