ఎవరి బిడ్డనూ పంపొద్దు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి పిల్లలూ, ఆ టీవీ గొంతు కాస్త తగ్గించండి. మన తమిళనాడులోనే, విరుదునగర్‌లో ఎంపీ గారి వాకిట్లో జరిగిన కథ చెబుతాను, కుదురుగా వినాలి.

అప్పుడు టీవీ పెడితే చాలు, ఒకటే మాట. సముద్రాలు దాటి ఎక్కడో ఎవరో కొట్టుకుంటున్నారు, మన సైన్యాన్ని అక్కడికి పంపుదామా వద్దా అని.

వెంబకోట్టై దగ్గర మన తెలుగువాళ్ల పల్లెలో గోవిందమ్మాళ్‌కి గొంతులో ముద్ద దిగడం మానేసింది. మనవడు సతీష్‌కుమార్ సైన్యంలో ఉన్నాడు. పంపితే ముందు పోయేది మా దళమేనని ఫోన్‌లో చెప్పాడు.

ఎంపీ జనం మొర వినే రోజు చూసుకుని, కోడలు చిన్నతాయిని వెంటబెట్టుకుని విరుదునగర్ బస్సెక్కింది.

వాకిట్లో అప్పటికే ఒక ముసలామె నిలబడి ఉంది. వెలిసిన చీర, రబ్బరు చెప్పులు. ఎంపీ గారి పి.ఏ. ఉదయకుమార్‌తో తమిళంలో వాదిస్తోంది.

“ఎవరి బిడ్డనూ పంపొద్దని మీ అయ్యని సభలో లేచి చెప్పమను.”

“అదంతా ఢిల్లీ వాళ్లు చూసుకుంటారు అవ్వా. మీదే ఊరు?”

“కోవిల్‌పట్టి పక్కన.”

“అయితే మీ ఎంపీ వేరే. ఆయన దగ్గరికి పో.”

“పోయే వస్తున్నాను. ఆయన వినలేదు. అందుకే నీ దగ్గరికి వచ్చాను.”

వరుసలో నిలబడ్డ టపాకాయల కార్ఖానా ఆడవాళ్లు నవ్వారు.

“సైన్యంలో కొడుకున్నాడా? మనవడా?”

“ఎవరూ లేరు.”

“మరి నీకెందుకు ఈ బాధ?”

ఆమె పోయి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

గోవిందమ్మాళ్‌కి ఒళ్లు మండింది. గడప దాటితే మనవాళ్లకు ఒక ధైర్యం ఉంది కదా, చుట్టూ తమిళమే, మన తెలుగు ఎవరికి తెలుస్తుందిలే అని. ఆ ధైర్యంతోనే కోడలితో ఇంటి మాటలో గట్టిగా అనేసింది.

“చూసినావామ్మే, ముందూ ఎనకా ఎవురూ లేనిదానికి ఏం పోయేదుండాది? మన పని చెడగొట్టేదానికే వచ్చింది ఈ ముసల్ది.”

“ఊరుకో అత్తా.”

“ఏం ఊరుకునేది? దానికేమన్నా తెలుస్తాదా ఏమి?”

వీళ్ల వంతు వచ్చింది. ఉదయకుమార్ సంగతంతా విని గొంతు తగ్గించాడు.

“మీ మనవడి పేరూ, సైన్యంలో వాడి నంబరూ చెప్పండమ్మా. అయ్య ఒక మాట చెబితే వాణ్ణి ఇక్కడే ఉంచేస్తారు. ఈమెతో చేరి గోల మాత్రం చేయకండి.”

చిన్నతాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. గోవిందమ్మాళ్ నంబరు చెప్పబోతూ నోరు తెరిచింది.

కింద కూర్చున్న ముసలామె తలెత్తింది. మెల్లగా, అచ్చం వీళ్లింటి తెలుగులో అడిగింది.

“వాడికి బదులు ఎవురి బిడ్డ పోతాడో అదీ అడుగమ్మా.”

గోవిందమ్మాళ్‌కి చచ్చినంత సిగ్గయింది.

“నీకు మా మాట వచ్చునా?”

“కొంచెం వచ్చు. ఎనక మీ పక్క పిల్లోడు ఒకడు మా ఇంట్లో పండుకోనుండె. వాడు నేర్పిందే.”

అంతలో కాపలా కానిస్టేబుల్ హరికృష్ణన్ వచ్చాడు. ఓటు కార్డు చూపమన్నాడు. లేదంది. లేవమన్నాడు. లేవనంది. చివరికి ఆడ పోలీసులు చెరో రెక్కా పట్టుకుని జీపెక్కించారు, హరికృష్ణన్ కూడా ఎక్కాడు. జీపు కదిలాక కూడా ఆమె అదే మాట అంటూనే ఉంది, ఎవరి బిడ్డనూ పంపొద్దని.

“ఇప్పుడు చెప్పండమ్మా నంబరు,” అన్నాడు ఉదయకుమార్.

గోవిందమ్మాళ్ కోడలి వంక తిరిగింది.

“కన్నదానివి నువ్వు. నువ్వే చెప్పమ్మే.”

చిన్నతాయి కొంగు నడుముకి దోపి, ముసలామె లేచిపోయిన చోటే గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

“నంబరూ లేదు, ఏమీ లేదు. ఎవరి బిడ్డనూ పంపొద్దని సభలో చెబుతానని మీ అయ్యనొచ్చి మాట ఇవ్వమను.”

“కొంచెం జరుగు, నాకూ చోటియ్యి,” అని గోవిందమ్మాళ్ పక్కనే చతికిలబడింది.

ఉదయకుమార్ ఇంకో కానిస్టేబుల్‌ని పిలవబోయాడు.

“ఆమెకి ఓటు లేదంటిరి,” అంది గోవిందమ్మాళ్. “మా ఇద్దరికీ ఉండాది. లేపు చూద్దాం.”

ఇందాక నవ్విన టపాకాయల కార్ఖానా ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి వీళ్ల వెనక కూర్చున్నారు. గుమ్మం నిండిపోయింది. ఎంపీ బయటికి రాక తప్పలేదు, అందరి ముందూ మాట ఇవ్వకా తప్పలేదు.

“సభలో లేస్తావో లేదో టీవీలో చూస్తాంలే అయ్యా. లేవకపోతే మళ్లీ వస్తాము,” అని చెప్పి మరీ లేచింది గోవిందమ్మాళ్.

సాయంత్రం టీ కొట్టు దగ్గర హరికృష్ణన్ కనిపించాడు.

“ఆమెని ఏం చేసినారయ్యా? రేపు పోయి ఒక మాట చెప్పుకోవాల.”

“ఇక కనిపించదమ్మా. ఈ పూటే వేరే జిల్లా క్యాంపుకి మార్చేశారు.”

“ఏం క్యాంపు?”

“పక్క దేశంలో యుద్ధం తప్పించుకుని పడవల్లో వచ్చిన తమిళ శరణార్థుల క్యాంపు. పేరు సెల్లత్తాయి. ఈ దేశంలో ఏ ఎంపీ కూడా ఆమెకి ఎంపీ కాదు.” జీపులో దారి పొడుగునా ఆమె చెప్పిందంతా అతను చెప్పాడు. గోవిందమ్మాళ్ చేతిలో టీ చల్లారిపోయింది.

దీన్ని మరిచిపోకండి పిల్లలూ, మీరూ నలుగురికి చెప్పండి. చెప్పేటప్పుడు ఆమె పేరుతోనే చెప్పండి: వెనకటి రోజుల్లో మన సైన్యం సముద్రం దాటి పోయింది ఆ సెల్లత్తాయి ఉన్న ఊళ్లోకే, ఆమె ఇంట్లో పడుకున్న పిల్లోడు దెబ్బ తిన్న మన సిపాయే, అదే యుద్ధంలో పోయిన కొడుకులిద్దరినీ మట్టిలో పెట్టిన చేత్తోనే, వాడి ప్రాణం పోయేదాకా వాడి నోట్లో నీళ్లు పోసింది ఆమే.