మూడో నిమ్మకాయ

దసరా పొద్దున అండాలు అలవాటుగా మూడు నిమ్మకాయలు తెచ్చింది, ఆటో చక్రాల కింద పెట్టడానికి. ఆటో మాత్రం లేదు. ఉప్పల్ వీధులన్నీ నడిచేవాళ్లకే వదిలేశాక బండ్లన్నీ తుక్కుకు పోయాయి. ఆమె భర్త బాలనర్సయ్య ఇప్పుడు మెట్రో దిగిన ముసలివాళ్లను చెయ్యి పట్టుకుని ఇళ్లదాకా నడిపించే కొలువు చేస్తున్నాడు.

అండాలు అతన్ని వాకిట్లో నిలబెట్టి, పాదాలు కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టింది.

“గిదేం పూజనే?” అన్నాడతను.

“ఇప్పుడు మన బండి గివే గదా. తొక్కు,” అంటూ ఒక్కో పాదం ముందు ఒక్కో కాయ పెట్టింది.

ముప్పై ఏళ్లు ఆటో నడిపినవాడు ఏ కాలు ముందు వేయాలో తెలియక చాలాసేపు నిలబడ్డాడు. చివరికి రెండూ తొక్కాడు.

“మరి మూడోది?”

అండాలు అతని చెయ్యి పట్టుకుని, మిగిలిన కాయ మీద తన కాలు మోపింది.