పోశం పేకాట

గనిలో పొద్దుటి సైరన్ మోగగానే సదయ్య గుండె జారింది.

డెబ్బయ్యొకటిలో గోదావరిఖనిలో గది దొరకడమే గగనం. దొరికిన ఒక్క గదిని, ఒక్క మంచాన్ని ఇద్దరు పంచుకున్నారు. రాత్రి సదయ్యది. గనిలో రాత్రి షిఫ్టు దిగి వచ్చాక, పగలు పోశంది. సదయ్య కూర్చుని రాసేదీ ఆ మంచం మీదే.

రాత్రిళ్ళు సదయ్య కలం సాగేది కాదు. కాగితాలు సర్దేవాడు, చాయ కాచుకునేవాడు, కునుకు తీసేవాడు. సైరన్ వింటేనే మంచం వదలాలన్న భయం, భయం పుడితేనే రాత.

గని ప్రమాదాల మీద అతని పరిశోధన. దసరాలోగా గ్రంథం ఇవ్వకపోతే పేరు కొట్టేస్తానని ప్రొఫెసర్ గట్టిగా చెప్పాడు. పేరు పోతే ఇన్నేళ్ళ చదువూ నీళ్ళపాలే.

తలుపు చప్పుడైంది. కళ్ళ అంచుల్లో బొగ్గు మసితో పోశం.

"అన్నా, ఇంకొక్క గంట..."

"రాసుకో తమ్ముడు. నాకెట్లనూ పేకాట ఉన్నది."

"రోజూ పేకాటేనా? సంసారం గుల్లయితది జూడు!"

"నాకు సంసారమెక్కడిది? నీ పెండ్లికి దావత్ ఇద్దువు గని, రాయి రాయి."

నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ ఒక్క గంట మధ్యాహ్నం దాటేదాకా సాగేది. పేకాట పుణ్యాన పొద్దున పూటంతా లాభమేనని లెక్క వేసుకున్నాడు సదయ్య. ఆ మనిషి గురించి అంతకుమించి అతనికేమీ తెలియదు.

ఒకనాడు సైరన్ మోగి ఆగింది. కాసేపటికి మళ్ళీ అందుకుంది. ఈసారి ఆగలేదు.

వీధిలో జనం ఉరుకుతున్నారు.

వేళకాని సైరన్ అంటే గనిలో ప్రమాదమేనని సదయ్యకు తెలుసు.

"పోశమన్న ఈపాటికి పైకొచ్చే ఉంటడు" అని తనకు తానే చెప్పుకున్నాడు. దసరా దగ్గరపడింది. కిటికీ మూసి కలం పట్టాడు.

మధ్యాహ్నానికి చివరి అధ్యాయం పూర్తయింది. రాత్రి షిఫ్టులో నిద్ర చాలక జరిగే ప్రమాదాల గురించి.

పోశం రాలేదు.

పొద్దు వాలింది. అయినా రాలేదు. ఖాళీ మంచం వైపు చూడాలంటేనే భయం వేసింది. సందు మలుపులో ఉన్న ఫరీద్ హోటల్‌కు పరుగెత్తాడు.

"చాచా, పోశమన్న పేకాట ఎక్కడ ఆడుతడు? ఇంక రాలే."

ఫరీద్ చాయ గిన్నె దించాడు.

"మీకు ఎర్క లేదా సాబ్? పొద్దుగాల గనిల పైకప్పు కూలింది. అందరు ఉరికి బయటపడ్డరు. పోశం కూసున్నకాడనే నిద్రపోయిండంట. ఎంత పిలిచినా లేవలేదంట, కప్పు కిందనే పాయె."

సదయ్య గొణిగాడు.

"రోజంత పేకాడితే నిద్ర రాదా మరి..."

"పేకాటనా? గా మనిషి ముక్క ముట్టంగ నేనెన్నడు సూడలే."

గోనెపట్టా చాటున ఉన్న బెంచీ చూపించాడు ఫరీద్.

"రోజు గీడనే కూసునెటోడు, మీ తలుపు దిక్కు సూస్కుంట. జర ఇంటికి పోయి పండుకోరాదు అంటే, 'తమ్ముడు రాస్తున్నడు, ఆయన బయటికొచ్చినంక పోత' అనెటోడు."

పేకాట పుణ్యాన తనకు మిగిలిన పొద్దులన్నీ, ఆ బెంచీ మీద కూర్చున్న మనిషి మానుకున్న నిద్ర.