ఎర్ర తోకా, నీలం తోకా?

విమానం కూలిపోతుందేమోనని ఆమె భయం. కుక్కకాటు, విరిగిన పాలు, అత్తగారి నోరు, ఏ భయమైనా దీని తర్వాతే. పాప పుట్టాక ఈ ఎనిమిది నెలల్లో అది కొండంతయింది.

చదువు ఎనిమిదో తరగతితోనే ఆగిపోయినా, పొట్లం కాగితంలో విమానం మాట కనిపిస్తే చాలు, సరుకు పక్కన పోసి మరీ చదువుతుంది. చదివి చదివి, ఇక ఉండబట్టలేక, పాపని చంకనేసుకుని ట్రావెల్స్ ఆఫీసుకి వచ్చింది.

"అన్నయ్యా, ఎర్ర తోక విమానాలు మంచివా, నీలం తోకవా?"

టికెట్ల గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "తోక చూసి ఎంచడానికి ఇవేమన్నా గేదెలా తల్లీ? రెండూ మంచివే."

"అందరూ అదే అంటారు. ఏది కొత్తది, ఏది పాతది? పైలట్లు సరిగ్గా నిద్రపోతారా? పాల ప్యాకెట్ మీద తేదీ వేస్తారు కదా, విమానం మీద ఎందుకెయ్యరు?"

వెనక బెంచీ మీది పెద్దాయన పేపరు మడిచాడు. "అమ్మాయి అడిగినదాంట్లో తప్పేముందయ్యా? చెప్పు, మేమూ వింటాం."

గుమాస్తా కంప్యూటర్లోకి చూసి గొంతు తగ్గించాడు. "ఎర్ర తోకవి కొని మూడేళ్ళే. నీలం తోకవాళ్ళవి పద్దెనిమిదేళ్ళవి. పాతవైనా అన్నీ పరీక్ష చేశాకే ఎగరనిస్తారు, కంగారు పడకండి."

"నాది నీలం తోకే!" పెద్దాయన లేచి నిలబడ్డాడు. "మార్చెయ్ బాబూ, మార్చెయ్."

"చూశారా, ఇందుకే ఎవరికీ చెప్పం." గుమాస్తా తల పట్టుకున్నాడు.

ఆమె వదల్లేదు. "ప్రమాదం ఎగిరేటప్పుడా, దిగేటప్పుడా?"

"దిగేటప్పుడే కాస్త..." అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఆమె పాపని గుండెకి హత్తుకుంది. "నీలం తోకది మోత కూడా ఎక్కువే. పాప ఉలిక్కిపడుతుంది."

"చెవుల్లో దూది పెట్టండి."

"పెట్టాను. పీకి నోట్లో పెట్టుకుంది. సరేగానీ, అది ఇక్కడ దిగేది మూడింటికేనా? ఆలస్యమవుతూ ఉంటుందా?"

"మూడింటికే. అప్పుడప్పుడూ ఓ పావుగంట అటూ ఇటూ."

ఆమె వేళ్ళ మీద ఏదో లెక్క కట్టుకుని ఊపిరి పీల్చుకుంది. "ఎర్ర తోకైతే ఫర్వాలేదన్నమాట."

"హమ్మయ్య, తేలింది. ఎర్ర తోకలో మీకో సీటు, పాప ఒళ్ళోనే. ఏ రోజుకి చెయ్యమంటారు?"

ఆమె తెల్లబోయి చూసింది.

"నాకెందుకన్నయ్యా టికెట్టు, ఆ నీలం తోకది దిగేది మా ఇంటి రేకుల మీంచే కాబట్టి ఆ వేళకి పాపని తీసుకుని మా పిన్నింటికి పోతాను గానీ, నైట్ డ్యూటీ చేసొచ్చి లేపినా లేవని మా ఆయన్ని మాత్రం, మీలో ఎవరైనా మూడింటికి అటొస్తే, ఓసారి తలుపు తోసి చూసి పొండి."