ఆరు కిలోలు

మాచర్లలో లారీలకు బండలెత్తే మస్తాన్‌వలి ఆ మధ్యాహ్నం మోస్తున్న బండతోపాటే కూలిపోయాడు.

ఆసుపత్రిలో డాక్టరు అతని జేబులోని డైట్ కాగితం చూశాడు. "ఇది కుర్చీలో కూర్చునేవాళ్ల తిండి. బరువులు మోస్తానని ఇది రాసినవాళ్లకు చెప్పలేదా?"

"చెబితే ఎక్కువ తినమంటారని చెప్పలా సార్. నా లివర్‌కి కొవ్వు పట్టిందంట. ఆరు కిలోలు తగ్గితేనే అందులో ముక్క కోసి మా ఇంటామె రమీజాకి పెట్టేదానికి పనికొస్తదన్నారు."

"అప్పటిదాకా పని మానొచ్చుగా?"

"మానితే దాని మందులెట్టా సార్?"

డాక్టరు మోతపనికి సరిపడా తింటూ నెమ్మదిగా తగ్గేలా మరో కాగితం రాసిచ్చాడు.

నాలుగు కిలోలు తగ్గాడు. ఆ వారమే రమీజా పోయింది.

మూడోనాడు అక్క అన్నం వడ్డించి, "ఇంకెవరి కోసంరా కడుపు మాడ్చుకుంటావు? తిను" అంది.

అప్పటిదాకా ఏడవని మస్తాన్‌వలి కంచం ముందు బావురుమన్నాడు.